ఆ వయసులో అంత ఊపిరి ఎక్కడిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం శాక్సోఫోన్ గురించే ఉన్నాయి. పోయిన సంచికలో, శాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ గారి మీద రాసిన నాలుగు మాటలు ఇంతమందిని కదిలిస్తాయని అనుకోలేదు. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి, ఈసారి ఆ వాద్యం దగ్గరే కూర్చుందాం.

ప్రశ్న: నేను మా అబ్బాయి దగ్గరికి లాస్ ఏంజెలెస్ వచ్చాను. చార్లెస్ లాయిడ్ అనే పెద్దాయన శాక్సోఫోన్ కచేరీకి వాడు టికెట్లు తీశాడు. ఆయనకు ఎనభై దాటి చాలా ఏళ్లయిందట. నాకు వర్ణాలు, త్యాగరాజ కృతులు తెలుసు గానీ జాజ్ అంటే ఏమీ తెలియదు. అర్థం కాక మధ్యలో కునుకు పడుతుందేమోనని, తప్పు చోట చప్పట్లు కొడతానేమోనని టెన్షన్‌గా ఉంది. ఎలా సిద్ధపడాలి?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు మీ అబ్బాయికి నా మాటగా శెభాష్ అని చెప్పండమ్మా. అమ్మ వచ్చిందని ఇలాంటి కచేరీకి టికెట్ తీసే పిల్లలు నాకు ఎక్కువమంది తెలియదు. ఇక టెన్షన్ అంటారా, అది అక్కర్లేదు. రాగాలాపన, కల్పనస్వరాలు విన్న చెవి మీది. అప్పటికప్పుడు పుట్టే సంగీతాన్ని ఎలా వినాలో మీకు అలవాటే. ఆ హాల్లో చాలామంది కంటే మీరే బాగా సిద్ధమై వెళుతున్నారు.

లాయిడ్ గారు 1938 మార్చి 15న మెంఫిస్‌లో పుట్టారు. మిసిసిపీ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు బ్లూస్ పాటలకు పేరుపడింది. ఆయన వాయించేది టెనర్ శాక్సోఫోన్. కద్రి గారు వాయించిన ఆల్టో కంటే పెద్దది, గొంతు కూడా మంద్రంగా ఉంటుంది. మధ్యమధ్య ఫ్లూట్ కూడా తీస్తారు. 1966 సెప్టెంబర్‌లో, కాలిఫోర్నియాలోనే, మాంటెరే జాజ్ ఉత్సవంలో వాయించిన 'ఫారెస్ట్ ఫ్లవర్' ఆయన పేరును ఇంటింటికీ చేర్చింది. అప్పటికి ఆయన వయసు 28. పక్కన పియానో మీద కీత్ జారెట్, డ్రమ్స్ మీద జాక్ డిజానెట్. ఆ ఇద్దరూ తర్వాతి రోజుల్లో ఎవరికి వారే మహా విద్వాంసులయ్యారు. మరుసటి ఏడాది ఈ బృందం సోవియట్ యూనియన్ వెళ్లి టాలిన్‌లో కూడా వాయించింది.

అంత పేరు వచ్చాక ఆయన వేదికల నుంచి పక్కకు తప్పుకున్నారు. 1970ల్లో ఎక్కువ కాలం బిగ్ సర్‌లో, కొండలు నేరుగా సముద్రంలోకి దిగే ఆ తీరంలో, ధ్యానంలో గడిపారు. వేదాంతం మీద ఆయనకు గాఢమైన ఆసక్తి. 1980ల మొదట్లో మిషెల్ పెట్రుచియాని అనే ఫ్రెంచి కుర్రవాడు ఆయన ఇంటికి వచ్చాడు. పుట్టుకతో ఎముకల జబ్బు, ఎదగని శరీరం, అద్భుతమైన పియానో. ఆ పిల్లాడిని లోకానికి వినిపించాలని లాయిడ్ గారు మళ్లీ వేదిక ఎక్కారు. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది ఆయన సంగీతం కంటే ముందు ఈ సంగతి చదివినప్పుడే.

కచేరీకి వెళ్లే ముందు రెండు రికార్డింగులు వినండి, అంతకంటే వద్దు. ఒకటి 1966 నాటి 'ఫారెస్ట్ ఫ్లవర్'. రెండోది 2018లో ఆయన 80వ పుట్టినరోజున శాంటా బార్బరాలోని లొబేరో థియేటర్‌లో చేసిన కచేరీ. దాన్ని 'కిండ్రెడ్ స్పిరిట్స్' పేరుతో విడుదల చేశారు. ఫోన్ స్పీకర్‌లో కాకుండా అబ్బాయి హెడ్‌ఫోన్స్ అడిగి తీసుకుని, వంట చేస్తూ కాకుండా కూర్చుని వినండి. రెండింటికీ మధ్య యాభై ఏళ్లకు పైగా దూరం ఉంది. 28 ఏళ్ల మనిషి ఎక్కడ పరుగెత్తాడో, 80 ఏళ్ల మనిషి ఎక్కడ ఆగాడో మీకే తెలుస్తుంది. ఆ తేడా చెవికి అందిందంటే మీ ప్రిపరేషన్ అయిపోయినట్టే. ఇంకా ఓపిక ఉంటే జాకిర్ హుస్సేన్ గారి తబలాతో, ఎరిక్ హార్లండ్ డ్రమ్స్‌తో ఆయన చేసిన 'సంగం' వినండి. అది కూడా లొబేరోలోనే 2004లో రికార్డ్ చేశారు. చనిపోయిన తన స్నేహితుడు, డ్రమ్మర్ బిల్లీ హిగ్గిన్స్‌కు నివాళిగా మొదలైన కలయిక అది.

ఇక పాట నడక. చాలా జాజ్ రచనల్లో ముందు అందరూ కలిసి ఒక వరస వాయిస్తారు. తర్వాత అదే చక్రం మీద ఒక్కొక్కరూ తమ సొంత మనోధర్మం వినిపిస్తారు. చివరికి మళ్లీ ఆ మొదటి వరసకు వచ్చి ముగిస్తారు. కృతి పాడి, స్వరకల్పన చేసి, మళ్లీ పల్లవి అందుకోవడం మీకు కొత్త కాదు కదా! తేడా పాట కింద ఉండే ఆధారంలో ఉంది. మన తంబురా మొదటి నుంచి చివరి దాకా ఒకే శ్రుతి పట్టుకుని ఉంటుంది. జాజ్‌లో బేస్ అనే పెద్ద తీగవాద్యం, పియానో కలిసి కింద మోగే స్వరాల గుంపును కొన్ని క్షణాలకోసారి మారుస్తుంటాయి. ఒక క్షణం క్రితం హాయిగా కూర్చున్న స్వరమే ఇప్పుడు పొసగకపోవచ్చు. వాయించేవాడు ఆ మార్పులను ముందే ఊహిస్తూ వాటి మధ్య దారి వేసుకోవాలి. లాయిడ్ గారి రచనల్లో కొన్ని మాత్రం చాలాసేపు ఒకే ఆధారం మీద నిలబడతాయి. అక్కడ మీకు సొంత ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

తాళం వేసే అలవాటు ఉంటే ఒక చిన్న జాగ్రత్త. మన చెయ్యి ఒకటో దెబ్బ దగ్గర బరువుగా పడుతుంది. నాలుగు దెబ్బల జాజ్ నడకలో బరువు రెండు, నాలుగు మీద ఉంటుంది. డ్రమ్మర్ ఎడమ కాలి కింద రెండు చిన్న తాళాలు ఒకదానిమీద ఒకటి మూసుకుంటూ కనిపిస్తాయి చూడండి. చాలాసార్లు అవి మూసుకునేది సరిగ్గా ఆ రెండో, నాలుగో దెబ్బ మీదే. దాన్ని పట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే కుదురుకుంటుంది. అయితే ఈయన కచేరీల్లో మొదటి భాగం తరచు లయ లేకుండా, ఆలాపనలా మొదలవుతుంది. అక్కడ లెక్కపెట్టే పని పెట్టుకోకండి.

చప్పట్ల సంగతి మన సభల కంటే సులువే. ఒకరి సోలో పూర్తయి మరొకరు అందుకునేటప్పుడు కొడతారు, పాట అయ్యాక కొడతారు. నచ్చిన చోట 'ఎస్' అనో 'యా' అనో అనేవాళ్లూ ఉంటారు, మనం భళా అన్నట్టే. నెమ్మది పాటలో మాత్రం ఆఖరి స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా ఆగండి. అక్కడ తొందరపడేవాళ్లను చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. ఆ స్వరం చివర వినిపించే గాలి శబ్దం కూడా ఆయన వాయించేదే.

ఇంకొక్క మాట. కచేరీ మొదట్లో కాసేపు శాక్సోఫోన్‌ను వదిలేసి బేస్‌ను వినండి. నిలువెత్తు వాద్యం, చేతివేళ్లతో మీటుతారు. కొత్తవాళ్లందరూ మెరిసే ఇత్తడి వాద్యం వైపే చూస్తారు. బేస్ నడక చెవికి పట్టాక శాక్సోఫోన్ వైపు తిరిగితే, ఆయన దేనితో మాట్లాడుతున్నారో తెలుస్తుంది.

చీర కట్టుకునే వెళ్లండి, ఎవరూ ఏమీ అనుకోరు. శాలువా మాత్రం మరిచిపోవద్దు, ఏసీ చలి ఎక్కువ. మన కచేరీల్లా మూడు గంటలు సాగదు. గంటన్నర లోపు, తరచు విరామం లేకుండా ముగుస్తుంది. కాబట్టి ముందే భోంచేయండి. సీటు ఎంచుకునే వీలుంటే మొదటి వరస వద్దు, డ్రమ్స్ మీద పడతాయి. నాలుగో అయిదో వరస మధ్యలో అయితే వాద్యం నుంచి నేరుగా వచ్చే గాలి శబ్దం కూడా అందుతుంది. కచేరీ శాంటా బార్బరాలోనే అయితే మీ అదృష్టం. లొబేరో 1873లో మొదలైన నాటకశాల, ఇప్పుడున్న భవనం 1924 నాటిది. సీట్లు ఆరు వందల దాకా, అంతే. ఆయనకు అది సొంత ఊరి వేదిక.

ఆ 2018 కచేరీకి నేను వెళ్లాను. ఆ రాత్రి ఆయన పక్కన ఉన్నవాళ్లు, గిటార్ మీద జూలియన్ లాజ్, పియానో మీద జెరాల్డ్ క్లేటన్, బేస్ మీద రూబెన్ రోజర్స్, డ్రమ్స్ మీద ఎరిక్ హార్లండ్, దాదాపు అందరూ ఆయన కొడుకుల వయసువాళ్లు, అంతకంటే చిన్నవాళ్లు. వాళ్లు సోలో వాయిస్తున్నప్పుడు ఆయన పక్కకు తప్పుకునేవారు. టోపీ, నల్ల కళ్లద్దాలు, కొద్దిగా ఊగుతూ వినడం. పేరు తనది, పుట్టినరోజు తనది, అయినా కచేరీలో సగం సేపు వినేవాడిగా ఉన్నారు. 'లా యొరోనా' అనే మెక్సికో జానపద గీతం అందుకున్నప్పుడు హాలంతా సర్దుకుని కూర్చుంది. ఏడ్చే తల్లి కథ అది. ఆయన ఒక్క వేగవంతమైన పట్టు కూడా వేయలేదు. పాట వరసనే కొంచెం జీరగా, కొంచెం ఆలస్యంగా, ఒక్కో స్వరం వాయించి వదిలారు. నా పక్క సీట్లో స్పానిష్ మాట్లాడే ఒకావిడ పెదాలు కదుపుతూ లోపల్లోపల పాడుకుంటోంది. మాటలు తెలిసిన పాటను వాద్యం మీద వింటే మనకెలా ఉంటుందో ఆవిడకీ అలాగే ఉందని అర్థమైంది.

కునుకు పడితే పడనివ్వండి, దానికేం. లేచాక మళ్లీ బేస్‌ను పట్టుకోండి.

ప్రశ్న: ఎనభై దాటినవాళ్లు శాక్సోఫోన్ వాయించడం యూట్యూబ్‌లో చూశాను. పాత రికార్డుల్లోని వేగం లేదు, పై స్వరాలు వణుకుతున్నాయి. నిజం చెప్పాలంటే జాలేసింది. అభిమానం కొద్దీ మెచ్చుకోవడమే తప్ప అందులో వినడానికి ఏముంది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, మొహమాటం లేకుండా అడిగారు, సంతోషం. మీరు విన్నది నిజమే. శాక్సోఫోన్ వయసును దాచనివ్వదు. రెల్లు జాతి మొక్క నుంచి కోసిన పల్చటి రీడ్ అదిరితేనే అందులో శబ్దం పుడుతుంది. అది సమంగా అదరాలంటే గాలి ఒత్తిడి సమంగా ఉండాలి, పెదాల చుట్టూ కండరాలు బిగువుగా ఉండాలి, పై పళ్లు మౌత్‌పీస్ మీద గట్టిగా ఆనాలి. టెనర్ శాక్సోఫోన్ బరువు మూడు కిలోల పైమాటే, అదంతా మెడకు వేలాడుతుంది. వయసుతో ఊపిరితిత్తుల సాగే గుణం తగ్గుతుంది, పళ్లు కదులుతాయి, మెడ నొస్తుంది. పియానో విద్వాంసుడికి ఈ బాధలు ఇంత లేవు.

జాజ్ టెనర్ శాక్సోఫోన్ విద్వాంసుడు సోనీ రోలిన్స్ గారినే తీసుకోండి. 1930లో పుట్టారు. 1959లో, పేరు మారుమోగుతున్న సమయంలో, తన వాయిద్యం తనకే చాలలేదని కచేరీలు ఆపేశారు. న్యూయార్క్‌లో విలియమ్స్‌బర్గ్ వంతెన మీదికి వెళ్లి, రైళ్లు, పడవల హోరు మధ్య రోజూ గంటల తరబడి సాధన చేశారు. అపార్ట్‌మెంట్‌లో వాయిస్తే ఇరుగుపొరుగుకు ఇబ్బందని ఆ చోటు వెతుక్కున్నారు. 1961లో మళ్లీ వేదిక ఎక్కి, మరుసటి ఏడాది 'ది బ్రిడ్జ్' అనే రికార్డు ఇచ్చారు. అంత సాధన చేసిన మనిషి కూడా ఊపిరితిత్తుల జబ్బు వల్ల 2012 తర్వాత కచేరీ చేయలేకపోయారు. 2014కల్లా వాద్యం ముట్టుకోవడమే మానేయాల్సి వచ్చింది. ఇది తెలిశాక, ఎనభై దాటి వేదిక మీద నిలబడిన శాక్సోఫోన్ విద్వాంసుడిని చూస్తే నాకు జాలి కలగదు. ఆయన ఇప్పటికీ నిలబడటానికి ఏమేం వదిలేశారు, ఏమేం నేర్చుకున్నారు అని వినాలనిపిస్తుంది.

ఏం నేర్చుకుంటారంటే, మొదట వాక్యాలు కురచ చేస్తారు. ఒక్క ఊపిరిలో అరవై స్వరాలు చెప్పినవాళ్లు ఇప్పుడు ఆరు చెప్పి ఆగుతారు. ఆ ఆగిన చోట పియానో ఏం చేస్తుందో వింటారు. పై స్థాయికి పోవడం తగ్గించి మధ్య, మంద్ర స్థాయిల్లో ఉంటారు. గాలి కలిసిన మెత్తటి నాదం వాడతారు. ఇది ముసలితనంలో కనిపెట్టింది కాదు. పాతతరం టెనర్ విద్వాంసుడు బెన్ వెబ్‌స్టర్ నెమ్మది పాటలు వినండి, స్వరానికి ముందూ వెనకా ఊపిరి వినబడుతుంది, దాన్ని ఆయన కావాలనే ఉంచారు. ఆ తరానికే చెందిన మరో టెనర్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ అయితే పాట వాయించే ముందు దాని సాహిత్యం తెలియాలి అనేవారట. వాద్యానికి మాటలెందుకని మనలో ఎవరూ అడగరు. సాహిత్యం తెలియకుండా త్యాగరాజ కృతిని వాయించేవాడికి ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియదు, మాట మధ్యలో విరిచేస్తాడు. లెస్టర్ యంగ్ చెప్పిందీ అదే.

మా నాన్నగారు గుడివాడలో పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. ఊరేగింపుల్లో సినిమా పాటలు, మండపం దగ్గర కీర్తనలు. అరవై దాటాక ఊరేగింపుల్లో నడుస్తూ వాయించడం కష్టమై మానేశారు. కానీ ఇంట్లో వాయించేవారు. రీడ్‌ను నాలుక మీద పెట్టుకుని మెత్తబడేదాకా మాట్లాడకుండా కూర్చుని, తర్వాత ఒకే ఒక్క కృతి, అదీ విలంబంగా. బ్యాండులో ఉన్నప్పుడు ఆయన సంగతులన్నీ, అంటే ఒకే వరసను మార్చి మార్చి పలికించే తీరులన్నీ, వేసేవారు. ఇంట్లో రెండో మూడో ఉంచుకుని మిగతావి వదిలేసేవారు. ఏవి వదిలేశారో తెలిసిన మాకు, ఉంచుకున్నవి ఎందుకు ఉంచుకున్నారో వినబడేది. లాయిడ్ గారి కచేరీలో నాకు వినబడిందీ అదే. అందుకే కాకినాడ పాఠకురాలిని పాత రికార్డింగు ముందు వినమన్నాను. వదిలేసినదేమిటో తెలియకపోతే మిగిలినదాని విలువ అందదు.

యూట్యూబ్ గురించి కూడా చెప్పాలి. ఎవరో ఫోన్‌లో తీసిన వీడియోలో మంద్ర స్వరాలు సగం పోతాయి. ఊపిరి శబ్దం గోలలో కలిసిపోతుంది. మిగిలేది పై స్వరాలు, వేళ్ల వేగం. అంటే వయసు వల్ల తగ్గే రెండూ మీకు వినబడ్డాయి, వయసు వల్ల పెరిగేది వినబడలేదు. హాల్లో విని చూడండి.

అలాగని ముసలివాళ్లు వాయించిందల్లా గొప్పదని నేను అనను. ఒక పెద్దాయన కచేరీలో నేను నిజంగానే కూర్చోలేకపోయాను. పాత వేగాన్నే మళ్లీ పట్టుకోవాలని ఆయన పాట పాటకూ పెనుగులాడారు, పక్కవాళ్లు ఆయన వెనక పరుగెత్తారు. అక్కడ మీ మాట నిజం. కానీ అది వయసు తప్పు కాదు, వయసును ఒప్పుకోకపోవడం.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాను. న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్ గురించి చాలా విన్నాను. కానీ నేను మందు తాగను, ఆడపిల్లను, ఒంటరిగా క్లబ్‌కి వెళ్లాలంటే బెరుకు. వెళ్లొచ్చా?
— ఒక పాఠకురాలు, సొంత ఊరు గుంటూరు

జవాబు: తప్పకుండా వెళ్లమ్మా. క్లబ్ అనగానే మన సినిమాల్లో చూపించే రంగు లైట్ల గది గుర్తొస్తుంది. వాన్‌గార్డ్ అలా ఉండదు. సెవెన్త్ ఎవెన్యూ మీద ఒక ఎర్ర తలుపు, ఇరుకైన మెట్లు దిగితే మూడు మూలల నేలమాళిగ. మ్యాక్స్ గోర్డన్ అనే ఆయన 1935లో మొదలుపెట్టారు, ఇప్పటికీ ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది. నూట ఇరవై మందికి కాస్త ఎక్కువ పడతారు. 1957లో సోనీ రోలిన్స్, 1961లో జాన్ కోల్ట్రేన్ అక్కడే రికార్డు చేశారు. ఆ గదిలో వాద్యం మోగే తీరు కోసమే దశాబ్దాలుగా విద్వాంసులు అక్కడ రికార్డు చేయాలని కోరుకుంటున్నారు.

డ్రింక్ ఒకటి తీసుకోవాలనే నియమం ఉంది. అది మందే కానక్కర్లేదు, జ్యూసో సోడానో చాలు. భోజనం దొరకదు, తినేసి వెళ్లు. వాయిస్తుండగా మాట్లాడనివ్వరు, ఫోటోలు, వీడియోలు తీయనివ్వరు. కాబట్టి నీతో మాట కలపాలని విసిగించేవాళ్లూ ఉండరు. ఒంటరిగా వచ్చేవాళ్లు ప్రతి రాత్రీ ఉంటారు. రాత్రికి రెండు సెట్లు, ఒక్కోదానికి వేరే టికెట్. తెల్లారి ఆఫీసు, రైలు చూసుకుని మొదటి సెట్‌కే వెళ్లు. తలుపు తీసే సమయానికే చేరుకుంటే మంచి కుర్చీ దొరుకుతుంది. సోమవారం వెళ్తే అక్కడి పెద్ద ఆర్కెస్ట్రాను వినొచ్చు. 1966 నుంచి సోమవారాలు వాళ్లవే. అంత చిన్న గదిలో అన్ని ఇత్తడి వాద్యాలు ఒక్కసారి లేస్తే ఆ అదురు ఛాతీకి తగులుతుంది. కానీ నా సలహా అడిగితే, మొదటిసారి ముగ్గురో నలుగురో ఉన్న చిన్న బృందాన్ని, వాళ్లలో ఒక పెద్ద వయసు శాక్సోఫోన్ విద్వాంసుడు ఉన్న వారం చూసుకుని వెళ్లు. అంత దగ్గరగా, మైకు మీద ఆధారపడకుండా ఆ నాదం వినగలిగే చోట్లు ప్రపంచంలో ఎక్కువ లేవు.

ప్రశ్న: కద్రి గోపాల్‌నాథ్ గారి శాక్సోఫోన్‌లో గమకాలు పలికాయి. జాజ్ వాళ్లకు అవి పలకవా? రెండూ ఒకే వాద్యమేనా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వాద్యం ఒకటే. అడాల్ఫ్ సాక్స్ అనే బెల్జియం దేశస్థుడు తయారుచేసి 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నాడు. ఒళ్లంతా ఇత్తడి అయినా రీడ్ వల్ల అది క్లారినెట్ లాగే వుడ్‌విండ్ (చెక్క గాలివాద్యాల) కుటుంబానికి చెందుతుంది. కీలు నొక్కితే రంధ్రం పూర్తిగా మూసుకోవడమో తెరుచుకోవడమో జరుగుతుంది. సన్నాయి మీద వేలిని కొంచెం జరిపి స్వరాన్ని జార్చినట్టు ఇక్కడ కుదరదు. కద్రి గారు మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాద్యం విని మోజుపడి, దాన్ని కర్ణాటక సంగీతానికి లొంగదీయడానికి ఏళ్ల తరబడి సాధన చేశారు, వాద్యంలో మార్పులు కూడా చేసుకున్నారు. 1994లో లండన్ బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవంలో వాయించిన మొదటి కర్ణాటక విద్వాంసుడు ఆయనే.

జాజ్ వాళ్లు స్వరాన్ని వంచేది పెదాలతో, గొంతుతో. మనం గమకం అనేది రాగం అడిగేది, దానికి ఒక క్రమం ఉంది. వాళ్లు వంచేది ఎక్కువగా మాట్లాడే గొంతును అనుకరించడానికి. మూలుగు, నవ్వు, పిలుపు. లక్ష్యం వేరు కాబట్టి ఎవరికి ఎక్కువ పలికింది అన్న పోటీ పెట్టలేం. ఈ రెండు దారులూ కలిసిన సందర్భాలున్నాయి. 1980లో ముంబైలో జాజ్ ఉత్సవంలో కద్రి గారి వాయిద్యం విని జాన్ హ్యాండీ అనే కాలిఫోర్నియా విద్వాంసుడు ఆయనతో కలిసి వేదిక మీద వాయించారు. 2008లో జాజ్ విద్వాంసుడు రుద్రేష్ మహంతప్పతో కద్రి గారు చేసిన 'కిన్స్‌మెన్' దొరుకుతుంది, వినండి. రెండు ఆల్టోలు పక్కపక్కనే మోగుతాయి. ఎవరు ఎవరో నాలుగు క్షణాల్లో పోల్చుకోగలిగితే మీ ప్రశ్నకు మీ చెవే జవాబు చెప్పినట్టు.

ప్రశ్న: మన దేశంలోనే ఉండి ఇలాంటి కచేరీ వినే దారి లేదా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉంది. ముంబైలో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రం వాళ్లు జాజ్ ఉత్సవం జరుపుతుంటారు, విదేశీ విద్వాంసులు వస్తారు. ఏప్రిల్ 30 అంతర్జాతీయ జాజ్ దినోత్సవం. ఆ రోజుల్లో మీ ఊళ్లో ఫ్రెంచి, జర్మన్ సాంస్కృతిక కేంద్రాలైన అలయన్స్ ఫ్రాన్సేజ్, గోథే కేంద్రం కార్యక్రమాల పట్టిక చూస్తూ ఉండండి. ఒకప్పుడు 1978లో మొదలైన జాజ్ యాత్ర ఉత్సవానికి సోనీ రోలిన్స్ అంతటి ఆయనే బొంబాయి వచ్చి వాయించారు. మనవాళ్లలోనూ పెద్దలున్నారు. గోవాకు చెందిన బ్రాజ్ గొన్సాల్వెస్ శాక్సోఫోన్ మీద రాగాలను ఆధారం చేసుకుని జాజ్ వాయించారు. ఆయన రికార్డింగులు కనిపిస్తే వదలకండి.

ప్రశ్న: మా పన్నెండేళ్ల బాబు శాక్సోఫోన్ నేర్చుకుంటానని పట్టుబట్టాడు. ఊపిరితిత్తులు పాడవుతాయని మా అత్తయ్య గారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, వరంగల్

జవాబు: ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి ఊపిరితిత్తులు పాడవవు, అత్తయ్య గారికి ధైర్యం చెప్పండి. ఉబ్బసం లాంటిది ఉంటే మాత్రం ముందు డాక్టర్‌ను అడగండి. టెనర్ వద్దు, బరువు. ఆల్టోతో మొదలుపెట్టించండి. భుజాల మీద పడే పట్టీ కొనండి, మెడకు వేసేది కాదు. రీడ్ రెండో నంబరుతో మొదలు, గట్టి రీడ్ ఇస్తే పిల్లాడు పెదాలు కొరుక్కుని విసిగిపోతాడు. వాద్యం కొత్తదే కొననక్కర్లేదు. సెకండ్ హ్యాండ్‌ది తీసుకునేటప్పుడు తెలిసిన వాయిద్యగాడిని వెంట తీసుకెళ్లి, ప్రతి కీ కింద మెత్త సరిగ్గా మూసుకుంటోందో లేదో చూపించండి.

గురువు కోసం ఆన్‌లైన్‌లో వెతికే ముందు మీ ఊళ్లో పెళ్లి బ్యాండు వాళ్లను కలవండి. చాలా మేళాల్లో ఒక పెద్దాయన ఉంటారు, ఇప్పుడు ఊరేగింపులకు వెళ్లలేక ఇంట్లో ఉంటారు. పెదాలు ఎలా పెట్టాలో, గాలి ఎలా నిలపాలో ఆయనకు తెలిసినంత వీడియో చూపించలేదు. వెళ్లి అడగండి. మొదటి నెల పాటలు నేర్పమని ఒత్తిడి చేయొద్దు. ఒకే స్వరాన్ని వణుకు లేకుండా పట్టుకోవడమే పాఠంగా ఉండనివ్వండి. ఫీజు ఆయన అడిగినంత ఇవ్వండి, బేరం చేయకండి.